అరగనిది పైన, కదలనిది కింద

1993లో నెదర్లాండ్స్‌లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఏ జబ్బూ లేని కొందరిని పిలిచి, కొన్ని రోజుల పాటు మలవిసర్జనకు వెళ్లాలనిపించినా ఆపుకోమన్నారు. ఆ తర్వాత వాళ్లు తిన్న ఆహారం కడుపులోంచి ఎంతసేపటికి ఖాళీ అవుతోందో కొలిచారు. మామూలు రోజుల కంటే ఆలస్యమైంది. వాళ్ల కడుపులో ఏ లోపమూ లేదు, అరుగుదల శక్తీ తగ్గలేదు. ఆపింది కింద తలుపు దగ్గర, నెమ్మదించింది మాత్రం పై గది.

అజీర్తినీ మలబద్ధకాన్నీ ఒకే ఊపిరిలో జంటగా చెప్పుకోవడం వెనక ఇంతమాత్రం నిజం ఉంది. అయితే ఈ జంట వల్ల ఒక చెడ్డ అలవాటు కూడా పట్టుకుంది. రెండింటికీ కలిపి ఒకే పొడి, ఒకే కషాయం, ఒకే మాత్ర వెతుకుతారు. గొట్టం ఒకటే అయినా దాని ఒక్కో భాగం చేసే పని వేరు, చెడే తీరు వేరు. పైన మేలు చేసిన మందు కింద బిగించవచ్చు; కింద వదులు చేసేది పైన ఉబ్బరం తేవచ్చు. యాంటాసిడ్ సీసా మీద రాసినది చదివితే ఈ సంగతి అక్కడే కనిపిస్తుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ మంట తగ్గిస్తుంది, కానీ మలాన్ని గట్టిపరుస్తుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కూడా మంట తగ్గిస్తుంది, కానీ విరేచనాలు తెప్పిస్తుంది. చాలా సీసాల్లో రెండూ కలిసి ఉండేది మంటను రెట్టింపు వేగంతో చల్లార్చడానికి కాదు, ఒకటి చేసే చెడును ఇంకొకటి సరిదిద్దడానికి.

కాబట్టి ఏ మందు మంచిదనే ప్రశ్న కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఆగింది ఎక్కడ?

అరగలేదు అంటే

పొట్ట బిర్రుగా ఉంది, గ్యాస్ పట్టేసింది, పుల్లటి తేన్పులు వస్తున్నాయి, తిన్నది అక్కడే ఉండిపోయినట్టుంది. వీటన్నిటికీ కలిపి అజీర్తి అనేస్తాం. వైద్యులు ఇందులోంచి నాలుగు లక్షణాలను విడదీస్తారు: తిన్నాక చాలాసేపు బరువుగా ఉండటం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, పొట్ట పైభాగంలో నొప్పి, అక్కడే మంట. ఛాతీ మధ్యలో పైకి ఎగదన్నే మంట వేరే కథ. అది కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి రావడం వల్ల వచ్చేది. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు గానీ రెండూ ఒకటి కాదు.

విచిత్రం ఏమిటంటే, అజీర్తి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆహారం అరుగుతూనే ఉంటుంది. ఎండోస్కోపీ చేస్తే చాలామందిలో పుండూ కనిపించదు, గడ్డా కనిపించదు. ఆమ్లం అందరికీ ఊరినంతే ఊరుతుంది. లోపం ఉండేది కడుపు కదలికలోనూ, దాని నరాల్లోనూ. మామూలుగా ముద్ద దిగగానే కడుపు పైభాగం సడలి చోటిస్తుంది. కొందరిలో అది సడలదు. దాంతో కొంచెం తిన్నా గోడల మీద ఒత్తిడి పడి, విందు తిన్నంత భారం అనిపిస్తుంది. కొందరిలో కడుపు ఖాళీ కావడమే ఆలస్యం. ఇంకొందరిలో అన్నీ సరిగానే జరుగుతాయి, కానీ మామూలు కదలికను కూడా నరాలు నొప్పిగా చేరవేస్తాయి. అరుగుదల పెంచుతామని చెప్పి అమ్మే ఎంజైము సీసాలు ఈ మూడింటిలో దేనికీ సూటిగా తగలవు. క్లోమగ్రంథి నిజంగా చెడిపోయినవాళ్లకు ఎంజైములు ప్రాణాధారం, ఆ మాట వేరు.

కడుపు మీద మనసు ప్రభావం ఉంటుందంటే చాలామంది నొచ్చుకుంటారు, జబ్బు వట్టి ఊహ అన్నట్టు వినిపించి. ఊహ కాదని తేలింది 200 ఏళ్ల కిందటే. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ పేలి పొట్ట చీలింది. ప్రాణం దక్కింది కానీ గాయం పూర్తిగా మూసుకోలేదు. కడుపులోకి చూడటానికి వీలైన కన్నం మిగిలిపోయింది. అతనికి చికిత్స చేసిన సైనిక వైద్యుడు విలియం బోమాంట్ 1825 నుంచి ఆ కన్నంలోంచి పట్టుదారానికి కట్టిన మాంసం ముక్కలు, రొట్టె, క్యాబేజీ లోపలికి దించి, గంటగంటకూ పైకి లాగి ఏది ఎంత కరిగిందో చూసి రాసుకున్నాడు. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చిన రోజున అరుగుదల తీరు మారడం కూడా అతని కంటపడింది. (కడుపులోకి దారాలు దింపించుకుంటూ ఏళ్లు గడిపిన మనిషికి కోపం రాకుండా ఎలా ఉంటుంది!) కడుపుకూ మెదడుకూ మధ్య నడిచే నరాల సంభాషణ అప్పుడే కళ్లెదుట కనబడింది. మామూలు మందులకు లొంగని అజీర్తికి వైద్యులు ఒక్కోసారి అమిట్రిప్టిలిన్ వంటి మందును చాలా తక్కువ మోతాదులో రాస్తారు. పెద్ద మోతాదులో అది దిగులుకు వాడే మందు. ఇక్కడ మాత్రం ఆ నరాల గోలను తగ్గించడానికి. దాని దుష్ఫలితాల్లో మలబద్ధకం ఒకటని కూడా గుర్తుంచుకోవాలి.

సోడా తేన్పు మోసం

కడుపు బరువెక్కగానే నీళ్లలో వంటసోడా కలుపుకుని తాగడం పాత చిట్కా. తాగిన రెండు నిమిషాలకే పెద్ద తేన్పు వస్తుంది, హమ్మయ్య అరిగింది అనిపిస్తుంది. అరగలేదు. సోడియం బైకార్బనేట్ ఆమ్లంతో కలవగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పైకి వచ్చింది ఆ వాయువే. అంటే సోడా తనే గాలి పుట్టించి, తనే బయటికి పంపి, మెప్పు కొట్టేస్తుంది. ఆమ్లం కాసేపు తగ్గిన మాట నిజమే కాబట్టి మంట ఉన్నవాళ్లకు కొంత ఉపశమనం కలుగుతుంది. కానీ ఒక్క టీస్పూను వంటసోడాలో సుమారు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రక్తపోటు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పీకలదాకా తిన్న వెంటనే సోడా తాగితే ఒక్కసారిగా పుట్టిన వాయువుకు కడుపు చిట్లిన సందర్భాలు, చాలా అరుదుగానైనా, వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

యాంటాసిడ్‌ది కూడా ఇదే పద్ధతి, కొంచెం మర్యాదగా. ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తుంది, ఊరడాన్ని ఆపలేదు. ఊరడాన్నే తగ్గించే మందులు ఆ తర్వాత వచ్చాయి. ఆమ్లం ఊరమని చెప్పే హిస్టమిన్ అనే రసాయనపు సంకేతాన్ని అడ్డుకునే సిమెటిడిన్ 1976లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. దాన్ని రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ దక్కింది. అదే కుటుంబంలోని రానిటిడిన్ దశాబ్దాల పాటు రాజ్యమేలి, అందులో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం ఏర్పడుతోందని తేలడంతో 2020లో అమెరికా మార్కెట్ నుంచి వైదొలగింది. ఫామోటిడిన్‌కు ఆ తంటా లేదు. 1980ల చివర వచ్చిన ఒమెప్రజోల్, దాని బంధువులు నేరుగా ఆమ్లపు పంపులనే మూసేస్తాయి.

ఈ పంపు మందుల విషయంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, మంట మొదలయ్యాక వేసుకోవడం. పంపులు తెరుచుకునేది తినేటప్పుడు. మందు అప్పటికి రక్తంలో సిద్ధంగా ఉండాలి కాబట్టి తినడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. భోజనం అయ్యాక, పడుకోబోయే ముందు వేసుకుంటే సగం వృథా. రెండోది, నెలల తరబడి వాడి ఉన్నట్టుండి మానేయడం. అన్నాళ్లూ అణిచిపెట్టిన ఆమ్లం కొన్నాళ్లు మామూలు కంటే ఎక్కువగా ఊరుతుంది. ఏ జబ్బూ లేని వాలంటీర్లకు 8 వారాలు ఈ మందు ఇచ్చి ఆపితే, అంతకుముందు మంటే ఎరగని వాళ్లలో కొందరికి మంట మొదలైందని 2009లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. మానేయగానే మంట వచ్చింది కాబట్టి మందు జీవితాంతం అవసరమనే నిర్ణయానికి రావడం తొందరపాటు. మోతాదు మెల్లగా తగ్గిస్తూ మానాలి. నొప్పి మాత్రలు ఎక్కువ కాలం వాడాల్సినవాళ్లూ, కడుపులో రక్తస్రావం అయినవాళ్లూ మాత్రం వైద్యుణ్ని అడగకుండా మానకూడదు.

పుళ్లకు అసలు కారణం చాలాసార్లు హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఆ మాట చెప్పినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా పెంచిన ద్రవాన్ని తనే తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. పుండు ఉంటే ఈ బ్యాక్టీరియాను తొలగించడం గొప్ప వైద్యం. పుండు లేని మామూలు అజీర్తిలో మాత్రం ఫలితం తక్కువ: సుమారు 14 మందికి చికిత్స చేస్తే, అందువల్ల అదనంగా లాభపడేది ఒక్కరు. అయినా ఊపిరి పరీక్షతోనో మల పరీక్షతోనో తేలిపోయే సంగతి కాబట్టి ఏళ్ల తరబడి మాత్రలు మింగే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇంటి మందుల్లో అల్లానికి కొంత ఆధారం ఉంది. కడుపు ఖాళీ కావడాన్ని అది కాస్త వేగిరపరుస్తుందని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. పుదీనా నూనె కడుపు కండరాలను సడలిస్తుంది కాబట్టి బరువుకు పనికొస్తుంది, కానీ అదే నూనె అన్నవాహిక కింది మూతను కూడా సడలిస్తుంది. ఛాతీలో మంట ఉన్నవాళ్లకు అది అగ్గి మీద నూనె. లక్షణం ఏదో చూసుకోకుండా చిట్కా పట్టుకుంటే ఇలాగే అవుతుంది. ఇక కొవ్వు ఎక్కువున్న భోజనం కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. నాలుగు ముద్దలకే నిండిపోయేవాళ్లు కొవ్వు తగ్గించి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినడం ఏ మాత్రకూ తీసిపోదు. మంట బాధ ఉన్నవాళ్లు రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచడం, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం చేస్తే మందు అవసరం తగ్గవచ్చు.

కింద ఏం జరుగుతుంది

రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం చిన్న పేగులోకి చేరుతుంది. అందులో తాగినది రెండు లీటర్లే. మిగతాది లాలాజలం, కడుపు రసం, పైత్యరసం, పేగుల ఊటలు. పెద్ద పేగు దగ్గరికి వచ్చేసరికి లీటరున్నర మిగులుతుంది. దాన్నుంచి పెద్ద పేగు నీరు పీల్చుకుంటూ, చివరికి నూరు, రెండు నూర్ల మిల్లీలీటర్లు మాత్రమే వదులుతుంది. అంటే మలం గట్టిపడటం అనేది ప్రధానంగా సమయం లెక్క. పేగులో ఎంతసేపు నిలిస్తే అంత నీరు పోతుంది.

రోజూ పొద్దున్నే ఒకసారి కాకపోతే మలబద్ధకమే అనే నమ్మకం చాలామందిని అనవసరంగా మందుల పాలు చేసింది. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా అంతా మామూలే. ఎన్నిసార్లు అన్నదాని కంటే ఎలా అన్నది ముఖ్యం. గట్టిగా ముక్కాల్సి రావడం, ఉండలు ఉండలుగా రావడం, ఇంకా మిగిలిపోయినట్టు అనిపించడం అసలైన గుర్తులు. 1997లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ వైద్యులు మలం ఆకారాన్ని 7 రకాలుగా బొమ్మలతో విభజించారు. మేక పెంటికల్లా విడివిడి గట్టి ఉండలు ఒకటో రకం, వట్టి నీళ్లు ఏడో రకం. మూడు, నాలుగు రకాలు వస్తూ రెండు రోజులకోసారి వెళ్లేవాళ్లకు ఏ మందూ అక్కర్లేదు. రోజూ వెళ్తూ కూడా ఒకటో రకం వచ్చేవాళ్లకు మలబద్ధకం ఉన్నట్టే.

మలబద్ధకంలోనూ మళ్లీ చోటు వెతకాలి. ఎక్కువమందిలో పేగు వేగం సరిగానే ఉంటుంది, తిండిలోనో అలవాట్లలోనో లోటు. కొందరిలో పెద్ద పేగు మొత్తమే మందకొడి. మూడోరకం ఎక్కువగా దొరకకుండా పోయేది. మలం చివరిదాకా సజావుగా వచ్చేస్తుంది, తలుపు తెరుచుకోదు. ముక్కినప్పుడు సడలాల్సిన కటి కండరాలు బిగుసుకుంటాయి. తలుపును లోపలికి లాగాల్సింది పోయి బయటికి తోస్తున్నట్టు. వీళ్లు గంటల కొద్దీ కూర్చుంటారు, మెత్తటి మలం కూడా రాదు, డబ్బాల కొద్దీ పీచు పొడి తింటే పొట్ట ఉబ్బడమే మిగులుతుంది. నిపుణుల దగ్గరికి వచ్చే దీర్ఘకాలిక మలబద్ధకంలో మూడోవంతు దాకా ఈ రకమే ఉండవచ్చని అంచనా. దీనికి మందు సీసాలో లేదు. బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణలో, చిన్న పరికరం సాయంతో తన కండరాల బిగువును తెర మీద చూసుకుంటూ సడలించడం నేర్చుకుంటారు. నేర్చుకున్నవాళ్లలో సగం మందికి పైగా కోలుకుంటారు.

ఈ రకం లేనివాళ్లకు కూడా కూర్చునే తీరు తేడా తెస్తుంది. పెద్ద పేగు చివరి భాగమైన పురీషనాళం చుట్టూ ఉచ్చులా ఒక కండరం దాన్ని ముందుకు లాగి వంచి పట్టుకుని ఉంటుంది. నీళ్ల గొట్టాన్ని మడిచి పట్టుకుంటే ధార ఆగినట్టు. గొంతుక్కూర్చున్నప్పుడు ఆ మడత చాలావరకు సాగి తిన్ననవుతుంది. కుర్చీ ఎత్తు కమోడ్ మీద కూర్చునేవాళ్లు పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కంటే పైకి వచ్చేలా కొంచెం ముందుకు వంగితే అదే పని జరుగుతుంది. ఏ మందుల షాపులోనూ దొరకని వైద్యం కాబట్టి దీన్ని చెప్పేవాళ్లు తక్కువ.

వేళ కూడా మందే. కడుపులో ఆహారం పడగానే పెద్ద పేగుకు కబురు వెళ్లి అది బలంగా కదులుతుంది. నిద్ర లేచాక మొదటి తిండి తిన్నప్పుడు ఈ కదలిక ఎక్కువ. ఆ అరగంటలో హడావిడి లేకుండా పది నిమిషాలు కూర్చోగలిగితే పేగే పని చేసుకుంటుంది. ఆ పిలుపును బస్సు కోసమో మీటింగు కోసమో వాయిదా వేస్తే, పురీషనాళం సడలిపోయి కొద్ది నిమిషాల్లో వెళ్లాలనిపించడమే ఆగిపోతుంది. లోపల ఉన్నదానిలోంచి నీరు మాత్రం పోతూనే ఉంటుంది. చిన్నపిల్లల్లో ఇదే విషవలయం అవుతుంది. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పెట్టిందంటే బిడ్డ భయపడి ఆపుకుంటుంది, ఆపుకోవడంతో మరింత గట్టిపడుతుంది, మరుసటిసారి ఇంకా నొప్పి. అలాంటప్పుడు బిడ్డను కసరడం వల్ల భయం పెరుగుతుంది తప్ప మలం మెత్తబడదు.

పీచు ఎంత మంచిది, ఎవరికి

పీచుకు ఇప్పుడున్న పేరు వెనక డెనిస్ బర్కిట్ అనే వైద్యుడి పట్టుదల ఉంది. ఉగాండాలో పనిచేసిన ఈ సర్జన్ 1970లలో సహచరులతో కలిసి, పీచు ఎక్కువ తినే ఆఫ్రికా పల్లెల్లోనూ పీచు తక్కువ తినే పాశ్చాత్యుల్లోనూ మలం బరువు, పేగులో అది గడిపే కాలం కొలిచి పోల్చాడు. తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలన్న లెక్క ఈనాడు ప్రపంచమంతటా వినిపిస్తోంది.

అయితే ఆరోగ్యంగా ఉన్న జనాభాకు మేలు చేసేది, మలబద్ధకంతో బాధపడే మనిషికి మందుగా పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2025లో బ్రిటన్ ఆహార నిపుణుల సంఘమైన బ్రిటిష్ డైటెటిక్ అసోసియేషన్ దీర్ఘకాలిక మలబద్ధకానికి ఆహార మార్గదర్శకాలు ప్రకటిస్తూ, ఊరికే పీచు ఎక్కువ తినమనే సలహాకు తగిన ఆధారం లేదని తేల్చింది. ఆధారం ఉన్నవాటిని పేరు పెట్టి చెప్పింది: ఇసబ్‌గోల్, కివీ పళ్లు, రై అనే ధాన్యంతో చేసిన రొట్టె, ఖనిజ లవణాలు ఎక్కువున్న నీళ్లు, మెగ్నీషియం ఆక్సైడ్, కొన్ని రకాల ప్రోబయోటిక్‌లు, అంటే మేలు చేసే బ్యాక్టీరియా. పీచు చెడ్డదని దీని అర్థం కాదు. గుండెకూ చక్కెర అదుపుకూ అది మంచిదే. కానీ మలబద్ధకానికి పీచు అని ఒక్క మాటలో తేల్చేయడం, జ్వరానికి మాత్ర అన్నంత అస్పష్టం.

ఇసబ్‌గోల్‌కు ఎందుకంత పేరో ఒక గ్లాసులో చూడవచ్చు. చెంచాడు పొట్టు నీళ్లలో వేసి పక్కన పెడితే పది నిమిషాల్లో గ్లాసంతా జిగురు ముద్దవుతుంది. ఆ జిగురును పేగులోని బ్యాక్టీరియా పెద్దగా తినలేదు. అందుకే అది చివరిదాకా నీటిని పట్టుకుని వెళ్తుంది, గ్యాస్ కూడా తక్కువ. గోధుమ తవుడు అలా కాదు. బరకగా ఉంటే పేగు గోడను గీరి కదలిక తెస్తుంది, మెత్తగా పొడి చేస్తే ఆ లాభం పోయి మలాన్ని గట్టిపరచవచ్చు. అయితే గ్లాసులో జరిగిందే గొంతులోనూ జరగగలదు. ఇసబ్‌గోల్‌ను తగినన్ని నీళ్లు లేకుండా మింగితే అన్నవాహికలోనే ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడం కష్టమైనవాళ్లూ, పేగు సన్నబడినవాళ్లూ దాని జోలికి పోకూడదు. మిగతావాళ్లు నిండు గ్లాసు నీళ్లతో, చెంచాతో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున పెంచుకోవాలి. మొదటిరోజే మూడు చెంచాలు వేసుకుని పొట్ట ఉబ్బిందని మానేసేవాళ్లే ఎక్కువ.

పళ్లలో రెండింటికి గట్టి పరీక్షలు జరిగాయి. ప్రూన్స్‌లో, అంటే ఎండబెట్టిన ప్లమ్ పళ్లలో, పీచుతోపాటు సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది. అది పూర్తిగా ఒంటబట్టక పేగులో నీటిని నిలుపుతుంది. రోజుకు రెండుసార్లు 50 గ్రాముల చొప్పున తిన్నవాళ్లకు ఇసబ్‌గోల్ కంటే మంచి ఫలితం కనిపించిందని 2011 నాటి ఒక అధ్యయనం చెప్పింది. రోజుకు రెండు పచ్చ కివీలు కూడా అంతే పని చేస్తాయి, ఉబ్బరం తక్కువ. అజీర్తి, మలబద్ధకం రెండూ ఉన్నవాళ్లకు ఈ చివరి మాటే అసలు మాట.

నీళ్ల గురించి ఒక్క ముక్క. ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు తాగితే మేలు, పీచు పెంచినప్పుడు తోడుగా తాగాలి. అప్పటికే సరిపడా తాగుతున్నవాళ్లు అదనంగా లీటర్లు తాగితే అది మూత్రంగా పోతుంది, మలాన్ని మెత్తబరచదు.

మందుల గూట్లో

తిండితో లొంగనప్పుడు మొదట చూడాల్సింది నీటిని పట్టుకునే మందుల వైపు. లాక్టులోజ్ పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి కాబట్టి గ్యాస్, ఉబ్బరం రావచ్చు. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి పులియదు. పోల్చి చూసిన అధ్యయనాల్లో ఫలితం కూడా దీనిదే మెరుగు. పైన ఉబ్బరంతో సతమతమయ్యేవాళ్లకు రెండింటిలో ఏది తగునో వేరే చెప్పనక్కర్లేదు. మెగ్నీషియం మందులు చవక, త్వరగా పనిచేస్తాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో మాత్రం మెగ్నీషియం రక్తంలో పేరుకుని ప్రమాదం తెస్తుంది.

పేగును తట్టి కదిలించే మందులు మరో రకం. సునాముఖి ఆకులోని పదార్థం మింగినప్పుడు నిద్రాణంగా ఉంటుంది. పెద్ద పేగు చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని విడగొడితేనే మేల్కొంటుంది. 6 నుంచి 12 గంటలు పట్టేది అందుకే, రాత్రి వేసుకోమనేదీ అందుకే. బిసకోడిల్ మాత్ర మీద ఉండే పూత కడుపు ఆమ్లంలో కరగకుండా, పేగులోకి వెళ్లాకే కరిగేలా చేసింది. పాలతోనో యాంటాసిడ్‌తోనో కలిపి వేసుకుంటే కడుపులోని ఆమ్లం తగ్గి పూత అక్కడే ఊడిపోతుంది, మెలిపెట్టే నొప్పి, వికారం మొదలవుతాయి. అజీర్తికో మాత్ర, మలబద్ధకానికో మాత్ర ఒకే గుక్కలో మింగేవాళ్లకు ఇది తప్పక తెలియాలి. ఆముదం కూడా ఈ జాతిదే, కానీ మొరటుది. గర్భిణులు దూరంగా ఉండాలి.

ఈ మందులు అలవాటైతే పేగు చచ్చుబడిపోతుందన్న భయం విస్తారంగా ఉంది. సరైన మోతాదులో వాడితే పేగు నరాలు దెబ్బతింటాయనడానికి గట్టి ఆధారం లేదు. సునాముఖిని ఏళ్ల తరబడి వాడినవాళ్ల పేగు గోడ గోధుమరంగుకు తిరుగుతుంది, మానేస్తే కొన్ని నెలల్లో ఆ రంగు పోతుంది. అలవాటు పడినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇంకొకటి. గట్టి విరేచనాల మందుతో పేగు మొత్తం ఖాళీ అయ్యాక మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మలం రాకపోవడం సహజం, లోపల ఏమీ లేదు గనక. అది చూసి కంగారుపడి మళ్లీ మాత్ర వేసుకుంటారు. ఇలా పేగుకు నిండే అవకాశమే ఇవ్వకుండా, మాత్ర లేకపోతే రావడం లేదని చెప్పుకుంటారు.

పేగు శుద్ధి పేరిట జరిగే వ్యాపారం మూలం కూడా ఒక భయమే: మలం నిలిస్తే విషాలు రక్తంలోకి ఎక్కుతాయని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ సర్జన్ అర్బత్‌నాట్ లేన్ ఈ నమ్మకంతో మలబద్ధకానికి పెద్ద పేగునే కోసి తీసేసేవాడు. 1920ల ఆరంభంలో అమెరికాలో దీన్ని సులువుగా పరీక్షించారు. ఆరోగ్యవంతుల పురీషనాళంలో దూది కుక్కారు. మలబద్ధకంలో ఉండే తలనొప్పి, మందకొడితనం, చిరాకు అన్నీ వచ్చాయి. దూది తీయగానే పోయాయి. రక్తంలోకి విషం ఎక్కి ఉంటే తీయగానే పోదు. ఆ బాధ సాగిన పేగు నరాలది. ఈ సంగతి తెలిసి నూరేళ్లయినా పేగు కడిగే ప్యాకేజీల గిరాకీ తగ్గలేదు. పేగుకు చిల్లు పడటం, ఒంట్లో లవణాలు తారుమారు కావడం వాటివల్ల అప్పుడప్పుడు జరిగే ప్రమాదాలు.

కారణం మాత్రల డబ్బాలోనే ఉంటే

కొత్త మందు కొనే ముందు పాత మందులు బయటికి తీసి వరుసగా పెట్టి చూడటం మంచిది. ఐరన్ మాత్రలు పైన వికారం, కింద బిగువు రెండూ తెస్తాయి. కాల్షియం మాత్రలు, రక్తపోటుకు వాడే వెరాపమిల్, ట్రమడాల్, మార్ఫిన్ కోవకు చెందిన నొప్పి మందులు, కొన్ని అలర్జీ మాత్రలు మలాన్ని బిగిస్తాయి. ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ కడుపు గోడను తింటాయి. బరువు తగ్గడానికీ మధుమేహానికీ ఇప్పుడు విరివిగా వాడుతున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, మలబద్ధకమూ తెస్తుంది. దాన్ని వాడే మనిషి అజీర్తికో చిట్కా, మలబద్ధకానికో చిట్కా వెతకడం కంటే మోతాదు గురించి వైద్యుడితో మాట్లాడటం మేలు. మందులేవీ లేకపోతే థైరాయిడ్ తక్కువ కావడం, మధుమేహం, రక్తంలో కాల్షియం పెరగడం వంటివి చూడాలి. పార్కిన్సన్ జబ్బులో చేతి వణుకుకు ఏళ్ల ముందే మలబద్ధకం మొదలు కావచ్చు.

కొన్ని సందర్భాల్లో ఇంటి వైద్యానికి అసలు చోటే లేదు. మలంలో రక్తం, తారులా నల్లటి మలం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, మింగడం కష్టం కావడం, ఆగని వాంతులు, యాభై దాటాక కొత్తగా మారిన విసర్జన తీరు, అరవై దాటాక కొత్తగా మొదలైన అజీర్తి: వీటిలో ఏది ఉన్నా పరీక్షలు కావాలి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా వెళ్లకపోతే అది పేగు అడ్డంకి కావచ్చు. అప్పుడు విరేచనాల మందు వేయడం మూసిన గొట్టంలోకి ఒత్తిడి ఎక్కించడమే. పొట్ట పైభాగంలో బరువుతోపాటు చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే అది గుండెపోటు అయ్యే అవకాశం ఉంది. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చున్న గంటలోనే గుండె కండరం చచ్చిపోతుంది.

జబ్బుకు పెట్టే పేరుకూ, అసలు ఆగిన చోటుకూ పొంతన లేకపోవడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మంచం పట్టిన వృద్ధుల్లో. నాలుగైదు రోజులు సరిగా వెళ్లని మనిషికి ఉన్నట్టుండి పలచగా, ఆపుకోలేకుండా కారుతూ ఉంటుంది. తిండి కూడా సయించదు, నోట్లో పెట్టగానే నిండిపోయిందంటారు. చూసుకునేవాళ్లు అజీర్తి చేసి విరేచనాలు పట్టుకున్నాయని అనుకుని, విరేచనాలు ఆగే మాత్ర వేస్తారు. నిజానికి పురీషనాళంలో గట్టి మలం రాయిలా దిగబడి ఉంటుంది, దాని పక్కల సందుల్లోంచి పైనున్న ద్రవం జారుతోంది. మాత్ర పేగును మరింత బిగిస్తుంది. వైద్యుడో నర్సో గ్లవ్స్ తొడుక్కుని ఒక వేలితో చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. ఆ ముద్దను మెత్తబరిచి తీసేశాక కారడం ఆగుతుంది, తరచూ ఆకలి కూడా తిరిగి వస్తుంది.